బిగ్ రెడ్ మేలా, లీవా వీరానా



ఊరి నుంచి విజిట్ వీసా మీద ఎవరు వచ్చినా, బుర్జ్ ఖలీఫా చూడటం అయిపోయాక రెండో ఫర్మాయిష్ ఒకటే: "రేగిస్తాన్ చూపించు భాయీ." చూపిస్తాం. ఇక్కడ మా ఇళ్ళల్లో ఫోర్ బై ఫోర్ బండి ఉన్న ప్రతివాడికీ ఇది తప్పని జిమ్మేదారీ. కానీ ఏ రేగిస్తాన్ చూపించాలన్న దగ్గరే బహస్ మొదలవుతుంది. షార్జా నుంచి గంటలో చేరే జనసమ్మర్దపు ఎడారి ఒకటి. నాలుగు గంటలు నడిపితే గానీ రాని వీరానా ఒకటి. రెండింట్లోనూ ఉన్నది ఇసుకే, అయినా రెండింటికీ జమీన్ ఆస్మాన్ ఫర్క్. ఆ ఫర్క్ దిబ్బల ఎత్తులో ఉందని కుర్రాళ్ళు అనుకుంటారు. నేను అలా అనుకోను. బండి ఆగిపోతే పక్క మనిషి ఎంత దూరంలో ఉన్నాడన్నదే అసలు ఫర్క్.

ముందు దగ్గరి దాని సంగతి. దుబాయ్ నుంచి హత్తా వెళ్ళే రోడ్డులో, అల్ మదామ్ చేరకముందు బదాయర్ దగ్గర ఒక ఎర్రటి దిబ్బ ఉంది. అరబ్బులు అల్ హమర్ అంటారు, మనమంతా బిగ్ రెడ్ అంటాం. సుమారు వంద మీటర్ల ఎత్తు. రెండు చార్మినార్లు ఒకదాని మీద ఒకటి పెట్టినంత అనుకోండి. అక్కడికి ముందే లహ్‌బాబ్ వస్తుంది, అదీ ఎర్ర ఇసుకే. సముద్రం ఒడ్డున తెల్లగా, గవ్వల పొడిలా ఉండే ఇసుక లోపలికి పోయేకొద్దీ ఎర్రబడుతుంది. రేణువుల మీద ఇనుము తుప్పు పొరగా పట్టడమే ఆ రంగుకు కారణం. మగ్రిబ్‌కు అరగంట ముందు చూడాలి దాన్ని. మా కడప వైపు ఎర్రనేల చూసి పెరిగిన వాళ్ళకు కూడా నోట మాట రాదు.

కానీ ఆ అరగంటలోనే అక్కడ ఈద్గా దగ్గర ఈద్ సాయంత్రం ఉన్నంత మఖ్లూఖ్ ఉంటుంది. 2022 జనవరి నుంచి ఇక్కడ వారాంతం శని, ఆదివారాలకు మారింది. మా షార్జాలో అయితే శుక్రవారం కూడా కలిపి మూడు రోజుల సెలవు. అంటే జుమా నమాజ్ అవగానే బండ్లు కదులుతాయి. రోడ్డు పక్క అద్దె క్వాడ్ బైకులు, బగ్గీలు, కరక్ చాయ్, మొక్కజొన్న పొత్తులు, టైర్లలో గాలి నింపే పంపులు, ఒంటె మీద ఫోటోలు. అచ్చం ఉర్సు మేలా. ఎడారి ఎక్కడుందని వెతుక్కోవాలి. అయినా నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఎందుకో చెబుతాను.

అక్కడి ఖతరా ఇసుక వల్ల కాదు, మనుషుల వల్ల. దిబ్బకు రెండు వైపులుంటాయి. గాలి వచ్చే వైపు వాలు తక్కువ, ఇసుక గట్టిగా అద్దుకుని ఉంటుంది. అటు వైపు గాలి తెచ్చి పడేసిన ఇసుక వదులుగా జారుతూ ఉంటుంది. ఆ జారుడు వైపు వాలు సుమారు 32, 34 డిగ్రీలు. పొడి ఇసుక అంతకంటే నిటారుగా నిలబడలేదు, ఇంకో గుప్పెడు పడితే జారిపోతుంది. మీరు మెత్తని వాలు ఎక్కి అంచు మీదికి వస్తారు. ఆ క్షణంలో బండి ముక్కు ఆకాశం వైపు ఉంటుంది, అవతల ఏముందో కనబడదు. వీరానాలో అయితే అవతల ఉండేది ఇసుక మాత్రమే. బిగ్ రెడ్‌లో అవతల వైపు నుంచి, అదే అంచు మీదికి, జీవితంలో మొదటిసారి క్వాడ్ బైక్ ఎక్కిన పదహారేళ్ళ పిల్లాడు రావచ్చు. అందుకే బండికి పొడుగాటి కర్ర కట్టి ఎర్రజెండా పెట్టేది. బండి కనబడకముందే జెండా కనబడాలని. షో కోసం అనుకుంటారు చాలామంది.

ఇంకో సంగతి ఎవరూ నమ్మరు: జనం తిరిగే ఇసుకలోనే బండి ఎక్కువ కూరుకుపోతుంది. రోజంతా వందల చక్రాలు దున్నేసి, గాలి అద్దిన పైపొరను చెడగొట్టేస్తాయి. సాయంత్రానికి పిండి జల్లించినట్టు ఉంటుంది. దూరపు ఎడారిలో గాలే మేస్త్రీ, రాత్రికి రాత్రి సాపు చేసి పెడుతుంది. ఫజర్ తర్వాత చల్లగా, కాస్త చెమ్మగా ఉన్నప్పుడు నడిపితే తారు రోడ్డు మీద పోయినంత హాయి. మళ్ళీ మిట్టమధ్యాహ్నం అదే చోటు మోసం చేస్తుంది. సూర్యుడు నెత్తిన ఉంటే నీడ ఉండదు, నీడ లేకపోతే ఎత్తు పల్లం తెలియవు. ఎదురుగా ఇరవై అడుగుల గుంట ఉన్నా చదునుగానే కనిపిస్తుంది. ఇది ఏ ఎడారికైనా లాగూ.

నాకు ఈ హునర్ నేర్పింది పెషావర్ వైపు నుంచి వచ్చిన ఒక పఠాన్ ఉస్తాద్. సఫారీ బండ్లు నడుపుతూ పదిహేనేళ్ళు ఇసుకలోనే గడిపిన మనిషి. మాటలు తక్కువ. మొదటి రోజు స్టీరింగ్ ఇవ్వలేదు. గేజ్ ఇచ్చి నాలుగు టైర్లలో గాలి తీయమన్నాడు. రోడ్డు మీద 35 పీఎస్ఐ ఉండే టైరును 15కు దించాలి. అలా దించితే టైరు వెడల్పు అవుతుందని అందరూ చెబుతారు. నిజానికి ఎక్కువగా పెరిగేది పొడవు. నేలను తాకే భాగం చిన్న యుద్ధట్యాంకు పట్టీలా సాగుతుంది, బరువు పంచుకుంటుంది, బండి ఇసుక మీద తేలుతుంది. ఇంకా దించొచ్చు, 12 దాకా, అవసరమైతే 10 దాకా. కానీ అప్పుడు స్టీరింగ్ గట్టిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడి వస్తుంది.

ఆ తర్వాత మూడే మూడు పాఠాలు. ఎక్కేటప్పుడు నిటారుగా ఎక్కు, దిగేటప్పుడు నిటారుగా దిగు, వాలు మీద అడ్డంగా తిరగకు, బండి పల్టీ కొట్టేది అక్కడే. సగం ఎక్కి ఆగిపోతే పౌరుషానికి పోకుండా నీ చక్రాల జాడలోనే రివర్సులో వెనక్కి రా. కూరుకుపోతే యాక్సిలరేటర్ తొక్కకు, దిగి పార తీసుకో. "ఇసుకతో జిద్ పడితే ఇసుకే గెలుస్తుంది" అనేవాడు. బండిని తాడుతో లాగేటప్పుడు మాత్రం ఆడవాళ్ళనూ పిల్లలనూ చాలా దూరం పంపేసేవాడు. ట్రెయిలర్ తగిలించే బంతికి తాడు కట్టనిచ్చేవాడు కాదు. అది విరిగితే ఫిరంగి గుండులా ఎగిరొస్తుంది, ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి.

ఇదంతా నేర్చుకోవడానికి బదాయర్, లహ్‌బాబ్ లాంటి చోట్లకు మించిన మద్రసా లేదు. కూరుకుపోతే పది నిమిషాల్లో ఎవడో ఒక మలయాళీ భాయో, పఠాన్ భాయో తాడు పట్టుకుని వస్తాడు. ఫోన్ పనిచేస్తుంది. అంబులెన్స్ వస్తుంది. మన వల్ల తప్పు జరిగితే బంపర్ పోతుంది, డబ్బు పోతుంది, నలుగురిలో ఇజ్జత్ కాస్త పోతుంది. అంతటితో సరి.

ఇంకో మాట కూడా ఉంది. ఇది మగవాళ్ళ ముచ్చట్లలో ఎప్పుడూ రాదు. మా ఇంటావిడ మొదటిసారి ఎడారికి బయలుదేరేటప్పుడు అడిగిన ప్రశ్న దిబ్బ ఎంత ఎత్తని కాదు, బాత్రూమ్ ఎక్కడుందని. బిగ్ రెడ్ దగ్గర రోడ్డు మీదే పెట్రోల్ పంపులు, మస్జిదులు ఉన్నాయి. వజూకు నీళ్ళున్నాయి, ఆడవాళ్ళకు వేరే నమాజ్ గది ఉంది. లీవా లోపల కిలోమీటర్ల కొద్దీ ఒక్క పొద కూడా అడ్డం లేదు. మగాళ్ళం "వాహ్, ఏం ఖామోషీ!" అంటూ ఉంటే, ఆడవాళ్ళు పొద్దుటి నుంచి నీళ్ళు తాగకుండా నోరు కట్టుకుని కూర్చుంటారు. ఎండలో నీళ్ళు తాగకపోవడం ఎంత ఖతర్నాకో వేరే చెప్పాలా? చిన్న పాప్-అప్ టెంటు ఒకటి, ఒక పార, ఒక బకెట్టు పెట్టుకుంటే ఈ మసలా తీరిపోతుంది. అయినా నేను చూసిన బండ్లలో పదింట ఎనిమిదిలో అది ఉండదు. స్పీకర్లు మాత్రం ఉంటాయి.

ఇప్పుడు లీవా సంగతి. అబూ ధాబీ దాటి, మదీనత్ జాయెద్ మీదుగా దక్షిణానికి పోతే మెజైరా వస్తుంది. ఖర్జూర తోటలు విల్లులా వంగి వరుసగా ఉంటాయి. ఇప్పటి అబూ ధాబీ పాలకుల ఖాందాన్, ఆల్ నహ్యాన్, బనీ యాస్ ఖబీలా వాళ్ళు. వాళ్ళ అసలు మూలం ఈ తోటల్లోనే. ఆ తోటల వెనక నుంచి మొదలవుతుంది రుబ్ అల్ ఖాలీ. మాటకు మాట అర్థం చెబితే ఖాళీ పావు భాగం. సుమారు ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపితే రెండు లక్షల డెబ్భై ఐదు వేలు. రెండు రాష్ట్రాలనూ రెండుసార్లు పరిచినా ఇంకా మిగిలేంత ఇసుక. సౌదీ, ఒమన్, యెమెన్, ఎమిరేట్స్ నాలుగు దేశాల్లో పరుచుకుని ఉంది. మనం చూసేది దాని కొంగు అంచు మాత్రమే.

మెజైరా నుంచి దక్షిణానికి మోరీబ్ దిబ్బ దాకా మంచి తారు రోడ్డు ఉంది. ఆ దిబ్బ సుమారు 300 మీటర్లు, బిగ్ రెడ్‌కు మూడింతలు. తమాషా ఏంటంటే ఏడాది చివర్న లీవా ఫెస్టివల్ పెట్టినప్పుడు ఆ దిబ్బ మీదికి కార్ల రేసులు జరుగుతాయి. అప్పుడు అక్కడ బిగ్ రెడ్ కంటే పెద్ద మేలా. వీరానా అని పేరు పడినంత మాత్రాన ఎప్పుడూ వీరానాగా ఉంటుందని గుమాన్ పెట్టుకోకూడదు. అయితే ఆ రోడ్డు చివరి నుంచి ఒక గంట లోపలికి పోండి. రేసులు, జనరేటర్లు, జనం అంతా ఒక్కసారిగా మాయమవుతాయి.

ఆ ఖామోషీని ఎలా చెప్పాలో నాకు తెలియదు. మీ చెవుల్లో మీ రక్తం తిరగడం మీకే వినబడుతుంది. దిబ్బల మధ్య తెల్లటి ఉప్పు మైదానాలు, చుట్టూ బంగారు రంగు గోడలు. పెద్ద దిబ్బ జారుడు వైపు నుంచి ఇసుక ఒక్కసారిగా జారితే, దూరంగా విమానం పోతున్నట్టు గుయ్ మని మోత వస్తుంది. మొదటిసారి విన్నప్పుడు మా చిన్నోడు వాళ్ళమ్మను పట్టుకుని వదల్లేదు. జిన్నులని భయం. ఇసుక రేణువులు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటూ జారితే వచ్చే శబ్దమే అది. వాడికి ఈ రోజుకీ జిన్నులే.

నమాజ్‌లో కూడా ఫర్క్ తెలుస్తుంది. షార్జా నుంచి బిగ్ రెడ్ మన హనఫీ ఉలమాలు చెప్పే 48 మైళ్ళకు చేరదు, అసర్ నాలుగు రకాతులూ చదవాల్సిందే. లీవాలో ముసాఫిర్లం, ఖస్ర్, రెండే. నీళ్ళు తాగడానికే దాచుకోవలసిన పరిస్థితిలో తయమ్ముమ్ ఎందుకు ఇచ్చారో కితాబులో చదివితే ఒకలా, ఆ ఇసుక మీద అరచేతులు ఆనించినప్పుడు ఇంకోలా అర్థమవుతుంది. ఖిబ్లా మన ఊళ్ళోలాగే పడమటి వైపే.

ఇంత ఖూబ్‌సూరత్ చోట ఏం జరగొచ్చో కూడా చెప్పాలి. ఒక జనవరిలో నాలుగు బండ్లతో వెళ్ళాం. ఇందాక చెప్పిన తెల్లటి ఉప్పు మైదానం, సబ్ఖా అంటారు, చూడటానికి క్రికెట్ గ్రౌండు. పైన ఉప్పు పెచ్చు, కింద చెమ్మ ఉంటే బురద. వారం ముందు వాన పడింది. రెండో బండి పెచ్చు విరిగి ఇరుసు దాకా దిగిపోయింది. ఇసుకలో అయితే గాలి తీసి బయటపడొచ్చు, బురదలో ఆ హునర్ పనికిరాదు. మిగతా మూడు బండ్లూ ఆ పెచ్చు మీదికి వస్తే అవీ దిగుతాయి. కాబట్టి దూరంగా గట్టి ఇసుక మీద నిలబడి, తాళ్ళు ఒకదానికొకటి కలిపి, చక్రాల కింద పలకలు దూర్చి లాగాం. మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటల్లో మమ్మల్ని దాటి ఒక్క బండి పోలేదు. ఒక ఒంటె మాత్రం వచ్చి కాసేపు చూసి వెళ్ళిపోయింది. నాలుగు బండ్లున్నాయి కాబట్టి అది తర్వాత నవ్వుకునే ముచ్చట అయింది. అదే ఒక్క బండి అయితే?

దూరపు ఎడారిలో లెక్కలన్నీ మారిపోతాయి. రోడ్డు మీద వంద కిలోమీటర్లకు 13 లీటర్లు తాగే మా బండి మెత్తని ఇసుకలో 30 దాకా తాగింది. కాబట్టి ట్యాంకులో ఒక వంతు వెళ్ళడానికి, ఒక వంతు రావడానికి, మూడో వంతు అమానత్. దాన్ని ముట్టుకోకూడదు. నీళ్ళు చలికాలంలోనే మనిషికి రోజుకు ఐదు లీటర్లు, ఎండ పెరిగితే పది, పైగా ఒక రోజుకు సరిపడా ఎక్కువ. మే నుంచి సెప్టెంబర్ దాకా అయితే అసలు ఆ వైపు చూడొద్దు. 45 డిగ్రీలు దాటిన ఎండలో బండి ఆగితే మనిషికి టైము గంటల్లోనే ఉంటుంది.

జీపీఎస్ గురించి మన వాళ్ళలో ఒక గలత్‌ఫెహ్మీ ఉంది. సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదనుకునేవాళ్ళు కొందరు, ఫోనులో మ్యాప్ ఉంది కాబట్టి బేఫికర్ అనుకునేవాళ్ళు కొందరు. ఉపగ్రహం నుంచి మన చోటు తెలుసుకోవడానికి సిమ్ అక్కర్లేదు. కానీ ఆ చుక్కను చూపించే మ్యాప్ బొమ్మ ఇంటర్నెట్ మీద వస్తుంది. ముందే దించుకోకపోతే తెల్ల తెర మీద ఒక నీలం చుక్క మిగులుతుంది. ఎండలో డాష్‌బోర్డు మీద పెట్టిన ఫోను వేడెక్కి ఆగిపోతుంది. వచ్చిన జాడ పట్టుకుని వెనక్కి పోదామంటే షమాల్ గాలి గంటలో తుడిచేస్తుంది. ఇక దిబ్బల మధ్య నుంచి ఒక దిక్కుకు పోవడం అంటే తిన్నగా పోవడం కాదు. మ్యాప్‌లో ఐదు కిలోమీటర్లు కనిపించేది చుట్టూ తిరిగి పాతిక కావచ్చు.

2024 ఆగస్టులో పేపర్లలో వచ్చిన ఖబర్ మీలో చాలామందికి యాదుండే ఉంటుంది. సౌదీలో పనిచేస్తున్న మన తెలంగాణ కుర్రాడు ఒకడు, తోటి పనివాడు ఒకడు, డ్యూటీ మీద వెళ్ళి రుబ్ అల్ ఖాలీలో దారి తప్పారు. జీపీఎస్ పనిచేయలేదు, పెట్రోలు అయిపోయింది, ఫోను చార్జింగ్ అయిపోయింది. రోజుల తర్వాత బండి పక్కన, జానమాజ్‌ల దగ్గర వాళ్ళ మయ్యత్‌లు దొరికాయని రాశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. అల్లాహ్ వాళ్ళ మగ్ఫిరత్ చేయుగాక. వాళ్ళు షౌక్ కోసం వెళ్ళినవాళ్ళు కాదు, రిజ్క్ కోసం వెళ్ళినవాళ్ళు. ఆ ఖబర్ చదివిన రోజు నుంచి "లీవా ఒక్క బండితో పోయొస్తాం" అని ఎవరన్నా అంటే నేను మర్యాదకు కూడా తల ఊపడం మానేశాను.

అలా అన్నది మా ఆపా కొడుకే. దుబాయ్‌లో ఉద్యోగం, పోయిన ఏడాది సెకండ్ హ్యాండ్‌లో మంచి బండి కొన్నాడు. ఆపా విజిట్ వీసా మీద వచ్చింది. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, అమ్మీ, అందరినీ ఎక్కించుకుని ఈద్ సెలవుల్లో లీవా లోపల రెండు రాత్రులు ఉంటానన్నాడు.

"బిగ్ రెడ్ ఏంటి మామూ, అది రేగిస్తాన్ కాదు, పార్కింగ్ లాటు. అమ్మీ కడప నుంచి అంత దూరం వచ్చింది క్వాడ్ బైకుల పొగ పీల్చడానికా?"

"బేటా, ఎన్ని బండ్లు?"

"ఒకటే. నేను వీడియోలన్నీ చూశాను మామూ. రికవరీ బోర్డులు కొన్నాను, కంప్రెసర్ కొన్నాను. మీరేమో ఊరికే భయపెడతారు. తవక్కుల్ ఉండొద్దా?"

వాడి మొదటి మాట నిజమే, ఒప్పుకోవాలి. పార్కింగ్ లాటు చూపించి ఇదే ఎడారి అని ఆపాకు చెప్పడం నాకూ ఇష్టం లేదు. తవక్కుల్ మాట దగ్గర మాత్రం ఆగాను. ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయమన్నది మన నబీ సల్లల్లాహు అలైహి వ సల్లం నేర్పిన సంగతి చిన్నపిల్లలకు కూడా మద్రసాలో చెబుతారు. సఫర్‌లో ఒంటరిగా పోవద్దని, ముగ్గురైతేనే ఖాఫిలా అని, ముగ్గురు బయలుదేరితే ఒకరిని అమీర్‌గా ఎంచుకోమని కూడా హదీసుల్లో ఉంది. పధ్నాలుగు వందల ఏళ్ళ కిందట ఈ ఇసుక తెలిసిన మనుషులకు చెప్పిన మాట. ఇవాళ ఏ ఆఫ్‌రోడ్ క్లబ్బులో అడిగినా ఇదే చెబుతారు: కనీసం మూడు బండ్లు, ముందు ఒక లీడరు, వెనక ఒక అనుభవజ్ఞుడు. ఒక బండి కూరుకుపోతే రెండోది లాగుతుంది, రెండూ కూరుకుపోతే మూడోది సాయానికి పోతుంది.

బదూలు కూడా ఒంటరిగా దాటలేదు ఈ ఎడారిని. 1930, 31లో బెర్ట్రమ్ థామస్, 1940లలో విల్‌ఫ్రెడ్ థెసిగర్ రుబ్ అల్ ఖాలీ దాటారని ఇంగ్లీషు పుస్తకాలు గొప్పగా చెబుతాయి. వాళ్ళను దాటించింది రషీద్ ఖబీలా బదూలు. ఏ బావిలో నీళ్ళున్నాయో, ఏ దిబ్బను ఏ వైపు నుంచి ఒంటె ఎక్కగలదో వాళ్ళకు తెలుసు. దారిలో ఎవరు ఎదురైనా ఆగి, సలాం చెప్పి, ఖబర్ ఇచ్చి పుచ్చుకోవడం వాళ్ళ ఆదాబ్. ఆ ఖబర్ మీదే ప్రాణాలు నిలిచేవి. మా భాంజాకు వీడియోల్లో దొరకనిది ఆ ఖబరే: ఈ వారం ఏ సబ్ఖా తడిగా ఉంది, ఏ గుంట కొత్తగా పడింది.

కువైత్‌లో, ఖతర్‌లో, సౌదీలో ఉన్నవాళ్ళకు రెండు మాటలు. కువైత్‌లో చలికాలం టెంటుల సీజన్ మన రాయలసీమ వాళ్ళకు కొత్త కాదు. కానీ అక్కడ జనం పోని చోటికి పోవడంలో ఇంకో ఖతరా ఉంది. 1990, 91 యుద్ధం నాటి మందుపాతరలు, పేలని గుండ్లు ఇసుకలో ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. అక్కడ వీరానా షౌక్ వద్దే వద్దు, అందరూ టెంట్లు వేసే చోటే వేయండి. ఖతర్‌లో సీలైన్ దగ్గర మేలా, ఖోర్ అల్ ఉదైద్ దగ్గర దిబ్బలు నేరుగా సముద్రంలో దిగుతాయి, చాలా అందం. కానీ అటూ పోటూ లెక్క చూసుకోకుండా ఒడ్డు వెంబడి నడిపితే బండి నీళ్ళపాలు. రియాద్ వాళ్ళకు సుమామా ఉంది, దగ్గరా, సులువూ. ఒమన్‌లో వహీబా ఇసుక ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. లోపల బదూ కుటుంబాలు, క్యాంపులు ఉన్నాయి, జాడలు ఉన్నాయి, అయినా ఖామోషీ ఉంది. మొదటిసారి దూరం పోవాలనుకునే కుటుంబాలకు నా ఓటు దానికే. 2021 డిసెంబర్‌లో ఒమన్, సౌదీ మధ్య రుబ్ అల్ ఖాలీ గుండా నేరుగా రోడ్డు తెరిచారు. దిబ్బలు ఎక్కకుండా ఆ ఎడారిని చూడాలనుకునే పెద్దవాళ్ళకు అదొక దారి. ట్యాంకు నింపుకోవడం మాత్రం మరవొద్దు.

జనం పోయే చోటైనా పోని చోటైనా ఒక్క విషయంలో మన వాళ్ళ మీద నాకు కోపం. బిర్యానీ తిన్న డిస్పోజబుల్ ప్లేట్లు, సంచులు అక్కడే వదిలేస్తారు. గాలి పూడ్చేస్తుందిలే అంటారు. గాలి పూడుస్తుంది, మళ్ళీ గాలే బయటపెడుతుంది. ఒంటెలు తింటాయి. చనిపోయిన ఒంటెల కడుపులు కోసి చూస్తే రాయిలా గట్టిపడిన ప్లాస్టిక్ ముద్దలు దొరికాయని దుబాయ్ పశువైద్య శాస్త్రజ్ఞులు రాశారు. ఆ ఒంటెల వెనక ఎండలో తిరిగే కాపరుల్లో మన జిల్లాల వాళ్ళూ ఉన్నారు. ఒకసారి లీవా దగ్గర ఒంటెల దొడ్డి పక్క ఆగితే, అక్కడి కాపరి మా తెలుగు విని పరుగెత్తుకొచ్చాడు. నిజామాబాద్ వైపు మనిషి. చాయ్ పెట్టాడు. "మీరు ఈ ఇసుక చూడటానికి డబ్బులిచ్చి వచ్చారా సాబ్?" అని నవ్వాడు. ఏం జవాబు చెప్పాలో తెలియక మా ఇంటావిడ టిఫిన్ డబ్బా మొత్తం అతని చేతిలో పెట్టింది.

భాంజాతో మష్వరా చివరికి ఇలా తేలింది. ఈద్‌కు లీవా లేదు. ఈద్ రెండో రోజు బదాయర్‌లో, అదీ పొద్దున్నే, క్వాడ్ బైకుల వాళ్ళు నిద్ర లేవకముందు. ఫజర్ అక్కడి మస్జిద్‌లో చదివి తొమ్మిదింటికల్లా బయటపడిపోవాలి. ఆ టైములో ఆ ఎర్ర దిబ్బ కూడా కాస్త ఖాళీగా, గట్టిగా, ఎడారిలా ఉంటుంది. ఆ తర్వాత నాలుగు వారాలు ఉస్తాద్ వెనక వాడి బండి నడవాలి. ఉస్తాద్ సరే అంటే జనవరి చివర్లో, ఫెస్టివల్ జనం వెళ్ళిపోయాక, మూడు బండ్లతో లీవా. ఒక్క రాత్రే, మోరీబ్ రోడ్డు నుంచి పది కిలోమీటర్లు దాటకుండా. అమీర్ ఉస్తాదే. ఎటు పోతున్నాం, ఎప్పుడు వస్తాం అన్నది రాసిన కాగితం షార్జాలో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. ఆదివారం ఇషాకు ఫోను రాకపోతే వాడు 999కు చెబుతాడు.

ఆపా వీసా పొడిగించే పని భాంజాది. ఆమె పెట్టిన షర్తు ఒకటే, ఆ చిన్న టెంటు సంగతి. అది నిన్న కొనేశాను.